మిర్చి చాంబర్లో సెన్సర్లు: కంట్రోలర్ ఎంత తక్కువ మాట్లాడితే నెట్‌వర్క్ అంత ఎక్కువ కాలం బతుకుద్ది

గుంటూరు చుట్టుపక్కల ఏదన్నా మిర్చి కోల్డ్ స్టోరేజీని జనవరిలో ఒకసారి, ఏప్రిల్లో ఒకసారి చూస్తే రెండూ ఒకే బిల్డింగ్ అంటే నమ్మబుద్ధి కాదు. జనవరిలో చాంబర్ ఖాళీ, గట్టిగా మాట్లాడితే మాట గోడలకి కొట్టుకుని తిరిగి వినపడుద్ది. ఏప్రిల్ వచ్చేసరికి యార్డు నుంచి వచ్చిన టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, ఒక్కోటి 40 కిలోల పైమాటే, నేల నుంచి పైదాకా వరసలు వరసలుగా పేర్చేసి ఉంటాయి, మధ్యలో మనిషి పక్కకి తిరిగి నడిచేంత సందు మిగులుద్ది, లోపలికెళ్తే ఘాటుకి కళ్ళమ్మట నీళ్ళొస్తాయి. ఇప్పుడు ఎవరో జనవరిలో ఆ ఖాళీ చాంబర్లో టెంపరేచర్, తేమ కొలిచే వైర్‌లెస్ సెన్సర్లు ఓ అరవై బిగించారనుకుందాం. అన్నీ సిగ్నల్ పట్టుకుంటున్నాయా లేదా అని చెక్ చేసుకుని వెళ్ళిపోయారు. ఏప్రిల్లో చూస్తే వాటిలో చాలావరకు పలకవు. సెన్సర్ పాడవలేదు, బ్యాటరీ అయిపోలేదు, మధ్యలో సరుకు వచ్చింది. ఎండు కాయలో కూడా ఎంతో కొంత తేమ ఉంటుంది కాబట్టి బస్తా మీద బస్తా పడే కొద్దీ రేడియో సిగ్నల్ నీరసించిపోద్ది, ఇనప ర్యాకులుంటే అవి ఇంకో అడ్డం. మళ్ళీ రేటు చూసుకుని రైతులూ వ్యాపారులూ సరుకు తీసే కొద్దీ చాంబర్ ఖాళీ అవుద్ది, సిగ్నల్ దారులు మళ్ళీ మారతాయి. అంటే ఈ నెట్‌వర్క్‌కి ఒకసారి సెట్ చేసి వదిలేసే యోగం లేదు, సీజన్ పొడుగూతా ఎవరో ఒకరు మేనేజ్ చేస్తానే ఉండాలి.

ఆ మేనేజ్‌మెంట్ ఎవరు చెయ్యాలి అనే దగ్గరే సాఫ్ట్‌వేర్ డిఫైన్డ్ నెట్‌వర్కింగ్, పొట్టిగా ఎస్‌డీఎన్, అనే మాట వస్తుంది.

మామూలుగా అయితే ప్రతి సెన్సర్ నోడూ (సెన్సర్, రేడియో, బ్యాటరీ కలిపిన ఒక్కో పెట్టెనీ నోడు అంటారు) తన దారి తనే చూసుకుంటుంది. పక్కనున్న నోడ్లతో మాట్లాడి, గేట్‌వేకి, అంటే రీడింగులన్నీ చివరికి చేరే పెట్టెకి, ఎవరు దగ్గరో, ఎవరి లింక్ బాగుందో చూసుకుని, వాళ్ళ ద్వారా డేటా పంపిస్తుంది. 2012లో ఆర్‌ఎఫ్‌సీ 6550 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంగా వచ్చిన ఆర్‌పీఎల్ అనే రూటింగ్ పద్ధతి చేసేది ఇదే, బానే చేస్తుంది కూడా, దాన్ని తీసిపారెయ్యాల్సిన పని లేదు. ఇబ్బంది ఎక్కడంటే ఏ నోడుకీ తన పక్కవాళ్ళు తప్ప ఇంకేం కనపడదు. చాంబర్ మొత్తం ఎలా ఉంది, తలుపు దగ్గరున్న నాలుగు నోడ్ల మీదే లోడంతా పడుతుందా, ఇంకో వైపు నుంచి పంపితే బ్యాటరీలు సమానంగా అరుగుతాయా అనేది ఎవరికీ తెలియదు. పైగా పాలసీ మార్చాలంటే, అంటే ఇప్పటిదాకా పది నిమిషాలకోసారి పంపుతున్న రీడింగ్ ఇక నుంచి పావుగంటకోసారి చాలు అనుకుంటే, ముందే ఆ ఏర్పాటు లేని నోడ్లయితే ఒక్కోదాన్ని పట్టుకుని ప్రోగ్రాం మార్చాలి. నిండిన చాంబర్లో ఆ పని ఎంత నరకమో లోపల పనిచేసే హమాలీలని అడిగితే చెప్తారు.

ఎస్‌డీఎన్ ఆలోచన 2008లో స్టాన్‌ఫర్డ్ వాళ్ళు ఓపెన్‌ఫ్లో అనే పద్ధతి మీద పేపర్ బయటపెట్టాక ఊపందుకుంది. అసలు విషయం చిన్నదే, ఎటు పంపాలో నిర్ణయించే బుర్రనీ, పంపే చేతినీ విడదియ్యడం. కృష్ణా డెల్టా కాలవల సంగతి తెలిసినవాళ్ళకి ఇది కొత్తగా అనిపించదు. ప్రకాశం బ్యారేజీ నుంచి బందరు కాలవ, ఏలూరు కాలవ, రైవస్ కాలవ బయల్దేరతాయి, వాటి కింద ఎన్నో లాకులు, షట్టర్లు, తూములు. తూము దగ్గర లస్కర్ ఉంటాడు. ఏ కాలవకి ఎంత నీళ్ళు వదలాలో నిర్ణయించేది లస్కర్ కాదు, ఇరిగేషన్ ఆఫీసు. షట్టర్ ఎత్తేది ఆఫీసు కాదు, లస్కర్. ఆఫీసుకి మొత్తం కాలవ మ్యాప్ కనపడుద్ది, లస్కర్‌కి తన తూము కనపడుద్ది. ఎస్‌డీఎన్‌లో ఆ ఆఫీసునే కంట్రోలర్ అంటారు, లస్కర్ దగ్గరుండే ఆర్డర్ల చిట్టాని ఫ్లో టేబుల్ అంటారు. ఫలానా చోటు నుంచి వచ్చిన ప్యాకెట్‌ని (డేటా మూటని) ఫలానా వైపు పంపు, ఇదీ అందులో ఉండే రూలు. చిట్టాలో లేని ప్యాకెట్ వస్తే నోడు కంట్రోలర్‌ని అడుగుద్ది, కంట్రోలర్ కొత్త రూలు పంపుద్ది.

డేటా సెంటర్లో స్విచ్‌లకి ఇది హాయిగా నడుస్తుంది, ఎందుకంటే అక్కడ కరెంటుకి కొదవ లేదు, కేబుల్‌కి స్పీడు కొదవ లేదు, అడగడానికి విడిగా లైను కూడా వేసుకోవచ్చు. సెన్సర్ నోడు బతుకు వేరు. పరిశోధనల్లో ఏళ్ళ తరబడి వాడిన టెలోస్‌బీ నోడునే తీసుకోండి, 10 కిలోబైట్ల ర్యామ్, 48 కిలోబైట్ల ప్రోగ్రాం మెమరీ, రెండు పెన్సిల్ బ్యాటరీలు. ఐఈఈఈ 802.15.4 అనే రేడియో ప్రమాణం ప్రకారం దాని స్పీడు సెకనుకి 250 కిలోబిట్లు, ఒక్కసారికి పంపే ఫ్రేమ్‌లో పట్టేది ఎక్కువలో ఎక్కువ 127 బైట్లు. ఓపెన్‌ఫ్లోని ఉన్నదున్నట్టు తెచ్చి దీనిలో కూరడం కుదరదు. అందుకే 2012లో సెన్సర్ ఓపెన్‌ఫ్లో అని ఒక ప్రతిపాదన వచ్చింది, 2015లో ఇటలీలోని కటానియా యూనివర్సిటీ వాళ్ళు ఎస్‌డీఎన్-వైజ్ అని ఇంకోటి తెచ్చారు. రెండో దాంట్లో మెచ్చుకోవాల్సిన సంగతి ఒకటుంది, నోడు తన దగ్గర కొంత స్థితి గుర్తుపెట్టుకుంటుంది, ప్యాకెట్ లోపలున్న విలువ చూసి కూడా రూలు అమలు చేస్తుంది. ఉదాహరణకి పక్క నోడు చెప్పిన టెంపరేచర్ గీత దాటితేనే ఈ ప్యాకెట్ ముందుకి పంపు, లేకపోతే ఇక్కడే ఆపెయ్ అని ఒక్కసారి చెప్తే చాలు, మళ్ళీ మళ్ళీ అడిగే పని తప్పుద్ది.

ఆ అడిగే పని తప్పించడమే ఇందులో మొత్తం కిటుకు. ఎందుకో తెలియాలంటే బ్యాటరీ లెక్క దగ్గరికి రావాలి. టెలోస్‌బీలో ఉండే సీసీ2420 రేడియో పంపేటప్పుడు 17.4 మిల్లీ ఆంప్‌లు తీసుకుంటే, వినేటప్పుడు 18.8 తీసుకుంటుంది. అవును, మాట్లాడ్డం కంటే వినడానికే ఎక్కువ ఖర్చు. 2500 మిల్లీ ఆంప్ అవర్ల బ్యాటరీ పెట్టి రేడియోని ఎప్పుడూ ఆన్‌లో ఉంచితే 133 గంటలు, అంటే ఐదున్నర రోజుల్లో నోడు చచ్చిపోద్ది. అదే వందలో ఒక వంతు టైమే రేడియో తెరిచి మిగతా టైమంతా నిద్రపుచ్చితే కాగితం మీద ఏడాదిన్నర వస్తుంది (కోల్డ్ స్టోరేజీ చలికి ఆల్కలైన్ బ్యాటరీ కెపాసిటీ తగ్గిపోద్ది, అక్కడ లిథియం పెట్టుకోవడమే మంచిది). అంటే ఐదున్నర రోజులకీ ఏడాదిన్నరకీ మధ్య తేడా అంతా నోడు ఎంతసేపు మెలకువగా ఉందన్న దాన్లోనే ఉంది, కంట్రోలర్ పంపే ప్రతి మెసేజీ దారి పొడుగూతా ఉన్న నోడ్లన్నిటినీ నిద్ర లేపుద్ది.

మన అరవై నోడ్లకే లెక్క వేద్దాం. పది నిమిషాలకోసారి రీడింగ్ అంటే రోజుకి ఒక్కో నోడు 144, మొత్తం 8,640 రీడింగులు. మామూలు ఆఫీసు నెట్‌వర్క్ అలవాటున్న ఇంజనీరు ఎవరన్నా వచ్చి, కంట్రోలర్‌కి తాజా సమాచారం ఉండాలి కదా, ప్రతి నోడూ నిమిషానికోసారి బ్యాటరీ ఎంతుంది, పక్కవాళ్ళ సిగ్నల్ ఎంతుంది పంపాలి అని సెట్ చేశారనుకోండి, అది రోజుకి 86,400 మెసేజీలు. అసలు పనికంటే పెత్తనం పది రెట్లు! సగటున మూడు హాప్‌లు (నోడు నుంచి నోడుకి ఒక్కో గెంతు ఒక హాప్) దాటి వెళ్ళాలంటే దాన్ని మళ్ళీ మూడుతో గుణించాలి. పైగా అన్ని దారులూ చివరికి గేట్‌వే పక్కనున్న మూడు నాలుగు నోడ్ల మీదుగానే పోవాలి కాబట్టి ముందు అవే ఖాళీ అవుతాయి, అవి పోయాక లోపలున్న యాభై ఆరు నోడ్లు నిండు బ్యాటరీతో ఉండి కూడా మూగబోతాయి. నెట్‌వర్క్‌ని బాగా చూసుకుందామని పెట్టిన ఏర్పాటే నెట్‌వర్క్‌ని చంపేస్తుంది. ఎస్‌డీఎన్ పెట్టి చూశాం బ్యాటరీలు నిలవట్లేదు అనే చోట ముందు అనుమానించాల్సింది ఇదే.

దీనికి వైద్యం తేలిక. రీడింగ్ అంటే నాలుగైదు బైట్లు, హెడర్లన్నీ పోను ఆ 127 బైట్ల ఫ్రేమ్‌లో ఇంకా బోల్డంత జాగా ఖాళీగానే పోతుంది. బ్యాటరీ, సిగ్నల్ వివరాలు ఓ ఆరు బైట్లలో సర్ది ఆ రీడింగ్‌తోనే పంపిస్తే, 250 కిలోబిట్ల స్పీడులో దానికి అదనంగా పట్టేది మిల్లీసెకనులో ఐదో వంతు. విడిగా మెసేజ్ పంపాలంటే మాత్రం రేడియో లేవాలి, చానల్ ఖాళీ ఉందో లేదో చూడాలి, పంపాలి, అందిందన్న జవాబు కోసం ఆగాలి, కొన్ని మిల్లీసెకన్లు అటే పోతాయి. ఎట్టాగూ ఊరెళ్ళే బస్సులో ఇంకో సంచి వెయ్యడానికీ, ఒక్క సంచి కోసం ఆటో మాట్లాడ్డానికీ ఉన్నంత తేడా. అది కూడా ప్రతిసారీ వెయ్యక్కర్లేదు, సిగ్నల్ పోయినసారి చెప్పిన దానికంటే గట్టిగా మారితేనే వెయ్యాలి. 2011లో ఆర్‌ఎఫ్‌సీ 6206గా వచ్చిన ట్రికిల్ పద్ధతి కూడా ఇదే దారి, అంతా స్థిరంగా ఉంటే మెసేజ్‌కీ మెసేజ్‌కీ మధ్య ఎడం రెట్టింపు చేసుకుంటూ పోద్ది, ఏదన్నా తేడా కనపడగానే మళ్ళీ మొదటికి వచ్చి గబగబా మాట్లాడుద్ది.

ఇంకో తప్పు ఉంది, ఇది ఎంత చిన్నదంటే ఎవరి కంటికీ ఆనదు. ఫ్లో రూల్‌కి ఒక గడువు ఉంటుంది, ఇంతసేపు ఎవరూ వాడకపోతే రూలు దానంతటదే చెరిగిపోద్ది. మామూలు నెట్‌వర్కుల్లో అది ఒక నిమిషం ఉన్నా నడిచిపోద్ది, ఎందుకంటే ట్రాఫిక్ ఆగకుండా పారుతుంటుంది. ఆ అలవాటుతోనే ఇక్కడా 60 సెకన్లు పెట్టేస్తే? రీడింగ్ పది నిమిషాలకోసారి. అంటే ప్రతి రీడింగ్ వచ్చేసరికి దాని రూలు తొమ్మిది నిమిషాల కిందటే చెరిగిపోయి ఉంటుంది. నోడు ప్రతిసారీ కంట్రోలర్‌ని అడుగుద్ది, ఐదు హాప్‌ల అవతల ఉంటే ప్రశ్న వెళ్ళడానికి ఐదు ట్రాన్స్‌మిషన్లు, జవాబు రావడానికి ఐదు, ఆ తర్వాత అసలు రీడింగ్‌కి ఇంకో ఐదు. డ్యాష్‌బోర్డులో అంతా పచ్చగానే కనపడుద్ది, రీడింగులు టైముకే వస్తున్నాయి, కానీ లోపల మూడింతల పని జరుగుతా ఉంటుంది. లస్కర్ ప్రతి పూటా ఆఫీసుకి ఫోన్ చేసి నిన్నటి ఆర్డరే కదా ఇవాళ కూడా అని అడిగితే ఎట్టా ఉంటుందో ఇదీ అంతే. ఇలాంటి చోట రూల్స్ ముందే పంపి ఉంచాలి, గడువు లేకుండా, మారాల్సినప్పుడు కంట్రోలరే వచ్చి మారుస్తుంది.

మార్చేటప్పుడు వరస కూడా ముఖ్యం. దారిలో ఐదు నోడ్లుంటే కొత్త రూలు అన్నిటికీ ఒకే క్షణంలో చేరదు, రేడియోలో కొన్ని మెసేజ్‌లు పోతాయి కూడా. సగం నోడ్లు కొత్త రూలు, సగం పాత రూలు మీద ఉన్నప్పుడు ప్యాకెట్ ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు తిరుగుతా ఉండిపోవచ్చు. కొత్త కాలవకి నీళ్ళు మళ్ళించేటప్పుడు కింద గట్లు, షట్టర్లు సరిచూసుకున్నాకే పైన తలుపు ఎత్తుతారు కదా, అట్టాగే గేట్‌వే పక్కనున్న నోడు నుంచి మొదలుపెట్టి వెనక్కి రావాలి, డేటా పుట్టే నోడుకి అన్నిటికంటే చివర్లో చెప్పాలి. రూల్‌కి ఒక వెర్షన్ నంబర్ వేసి, ప్యాకెట్ మీద కూడా అదే నంబర్ వేస్తే ఇంకా భద్రం, పాత నంబరు ప్యాకెట్లు పాత దారిలోనే వెళ్ళిపోతాయి.

ఇక టైమ్ సంగతి, ఇది మిర్చి చాంబర్‌కి ప్రత్యేకంగా వచ్చే తలనొప్పి. నోడ్లు నిద్రపోయి సరిగ్గా ఒకే క్షణంలో లేవాలంటే గడియారాలు కలవాలి. టీఎస్‌సీహెచ్ అనే పద్ధతిలో టైమ్‌ని సాధారణంగా 10 మిల్లీసెకన్ల స్లాట్లుగా కోసి, ఏ స్లాట్‌లో ఎవరు ఎవరితో ఏ చానల్ మీద మాట్లాడాలో ముందే రాసిపెడతారు, నీళ్ళు తక్కువైన ఏడు వంతులవారీ ఇచ్చినట్టు. మొత్తం మ్యాప్ చేతిలో ఉన్న కంట్రోలర్ ఈ వంతులు వెయ్యడంలో దిట్ట. 2.4 గిగాహెర్ట్జ్‌లో 16 చానళ్ళున్నాయి, ఆఫీసు వైఫైతో కొట్టుకునేవి ఏవో అరవై నోడ్ల నుంచి వచ్చిన వివరాలు చూసి తేల్చి అవి వదిలెయ్యమని ఒకేసారి అందరికీ చెప్పగలదు, అది విడివిడి నోడ్ల వల్ల అయ్యే పని కాదు. కానీ గడియారం? నోడులో ఉండే 32 కిలోహెర్ట్జ్ క్రిస్టల్ 25 డిగ్రీల దగ్గర సరిగ్గా ఉంటుంది, దానికి అటు పోయినా ఇటు పోయినా వెనకబడుద్ది. 5 డిగ్రీల దగ్గర పది లక్షలకి సుమారు 13.6 వంతులు, అంటే రోజుకి 1.2 సెకన్ల దాకా. గేట్‌వే బయట ఆఫీసు రూములో 25 డిగ్రీల్లో కూర్చుంటే లోపలి నోడుకీ దానికీ నిమిషం పావు తిరక్కుండానే ఒక మిల్లీసెకను తేడా వచ్చేస్తుంది, పది నిమిషాలకోసారి మాట్లాడుకునే నోడుకి అది పెద్ద తేడానే.

దీనికోసం కంట్రోలర్ మాటిమాటికీ టైమ్ సరిచేసే మెసేజీలు పంపాలా? అక్కర్లేదు. నోడంటేనే టెంపరేచర్ సెన్సర్! తన చలి ఎంతో దానికే తెలుసు. ఎంత చలికి ఎంత వెనకబడుద్దో ఒక చిన్న పట్టిక ముందే ఇచ్చేస్తే లెక్క తనే చూసుకుని చాలావరకు సరిచేసుకుంటుంది, మిగిలిన కాస్త తేడా రీడింగ్ పంపినప్పుడు వచ్చే జవాబుతో సర్దుకుంటుంది. దగ్గర్లో తేలే విషయాన్ని కంట్రోలర్ దాకా మొయ్యకూడదు అనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

కంట్రోలర్ ఎక్కడుండాలి అన్నదానికీ జవాబు ఇందులోనే ఉంది. ఎక్కడో వేరే ఊళ్ళో సర్వర్‌లో పెట్టి, ఊరి చివర కోల్డ్ స్టోరేజీకి వచ్చే ఇంటర్నెట్ మీద ఆధారపడితే, గాలివాన వచ్చి లైను తెగిన రోజున నోడ్ల బుర్ర ఊళ్ళో ఉండదు. అరవై నోడ్లకి ఒక రాస్ప్‌బెర్రీ పై లాంటి చిన్న బోర్డు, దానికో బ్యాటరీ బ్యాకప్ చాలు, గేట్‌వే పక్కనే పెట్టుకోవచ్చు. నెలల డేటా చూసి ట్రెండ్ తీసే పనులుంటే అవి క్లౌడ్‌లో చేసుకోవచ్చు, వాటికి తొందరలేదు. సెక్యూరిటీని మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు, ఎందుకంటే ఒక్క కంట్రోలర్ వేషం వేసుకుంటే చాలు అరవై నోడ్లూ మాట వింటాయి. 802.15.4లో ఏఈఎస్-128 అనే ఎన్‌క్రిప్షన్ ఉంది, ఆన్ చేసుకోవాలి, అన్ని నోడ్లకీ ఫ్యాక్టరీ నుంచి వచ్చిన ఒకటే కీ ఉంచెయ్యడం అంటే తాళం వేసి చెవి తలుపుకే వదిలెయ్యడం.

చాంబర్లో తప్పు జరిగితే సరుకు పోద్ది. అంతకంటే పెద్ద విషయం విజయవాడలో కళ్ళారా చూశాం. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో వాన కుమ్మేసి, బుడమేరు డైవర్షన్ చానల్‌కి గండ్లు పడి సింగ్‌నగర్ వైపు కాలనీలు నిండా మునిగాయి, అటు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలో 11.43 లక్షల క్యూసెక్కుల వరద నడిచింది. ఎటు తిరిగినా నీళ్ళు, మునిగిన చోట్ల కరెంటు లేదు, చార్జింగ్ లేక ఫోన్లు ఆగిపోయి ఇంట్లోవాళ్ళు ఎక్కడున్నారో తెలియక జనం అల్లాడిపోయారు. అలాంటి వాగు పొడుగూతా నీటిమట్టం కొలిచే సెన్సర్లు పెట్టాలంటే కిలోమీటర్ల దూరం కాబట్టి లోరా లాంటి దూరం వెళ్ళే రేడియో వాడతారు, మన దేశంలో 865 నుంచి 868 మెగాహెర్ట్జ్ మధ్య లైసెన్స్ లేకుండా వాడుకునే వీలుంది. కానీ బ్యాటరీ మీద నడిచే లోరావ్యాన్ (లోరాతో అల్లిన నెట్‌వర్క్) నోడ్లు ఎక్కువగా క్లాస్ ఏ రకం, అవి తాము ఏదన్నా పంపిన తర్వాత కాసేపే చెవి తెరిచి ఉంచుతాయి, మిగతా టైమంతా కంట్రోలర్ ఎంత అరిచినా వినపడదు. పావుగంటకోసారి రీడింగ్ పంపే నోడుకి, వరదొస్తుంది నిమిషానికోసారి పంపు అనే ఆర్డర్ చేరడానికే పావుగంట పట్టొచ్చు. గండి పడిన రాత్రి పావుగంట అంటే ఇంట్లో ముసలివాళ్ళని మేడ మీదకి ఎక్కించుకునే టైము.

కాబట్టి ఆ ఆర్డర్ ఎండాకాలంలోనే నోడు దగ్గర ఉండాలి. నీళ్ళు ఫలానా ఎత్తు దాటినా, పది నిమిషాల్లో ఇంత కంటే ఎక్కువ పెరిగినా, ఎవరినీ అడక్కుండా నువ్వే స్పీడు పెంచు, గేట్‌వే పలక్కపోతే రెండో గేట్‌వేకి అందేలా పవర్ పెంచి పంపు, బ్యాటరీ సగానికి వస్తే ఐదు నిమిషాలకోసారికి తగ్గించు. ఎంత ఎత్తు, ఎంత పెరుగుదల అనే అంకెలు కంట్రోలర్ ఇస్తుంది, బుడమేరుకి ఎగువనున్న వెలగలేరు వైపు పరిస్థితి చూసి ముందురోజే వాటిని మారుస్తుంది, అమలు మాత్రం నోడుదే. వరదలో లస్కర్‌కి ఫోన్ కలవకపోతే గట్టు తెగేదాకా ఆర్డర్ కోసం చూస్తా కూర్చోడు కదా.

లింకు తిరిగొచ్చాక కంట్రోలర్ ముందు చెయ్యాల్సింది రూల్స్ పంపడం కాదు. తన దగ్గరున్న పాత మ్యాప్‌ని నమ్మి, అంతా మామూలే అనుకుని పావుగంట రూలు మళ్ళీ తోసేస్తే, నోడు సరిగ్గా చేస్తున్న పనిని చెడగొట్టినట్టే. ముందు నువ్వు ఏ స్థితిలో ఉన్నావు, నీ దగ్గర ఏ వెర్షన్ రూలు ఉంది అని అడగాలి, నోడు చెప్పింది తన పుస్తకంలో రాసుకోవాలి, నీటిమట్టం దిగడం మొదలయ్యాకే పాత లెక్కకి తీసుకురావాలి.